మార్క్ 4 హైవే ఎక్కితే హీటెక్కుతోంది, మీటరు ఎరుపు చేరకముందే నీళ్ళు కక్కుతోంది

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1984లో కొన్న అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు, 1489 సీసీ ఇంజన్. పదకొండేళ్ళు షెడ్డులో పడి ఉన్న బండిని పోయినేడు బయటికి తీశాను. రేడియేటర్‌కి కొత్త కోర్ (నీళ్ళు చల్లారే ట్యూబుల జాలి) వేయించాను. వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టు, పై హోసు కూడా కొత్తవే.

ఊళ్ళో తిరిగినంతసేపు ఏ ఇబ్బందీ లేదు. మిట్టమధ్యాహ్నం ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా ముల్లు సగం దాటదు. హైవే ఎక్కి 70 పైన పోనిస్తేనే తంటా. మద్దిపాడు దాకా బాగానే వస్తుంది. మేదరమెట్ల చేరేసరికి రేడియేటర్ ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నీళ్ళు తన్నేస్తాయి. నాకు అంతుపట్టనిది ఒకటుంది: ఆ టైముకి మీటరు ముల్లు మూడొంతుల దగ్గరే ఉంటుంది, ఎరుపు గీతకి ఇంకా దూరం. బండి ఆపి బానెట్ ఎత్తితే ఇంజన్ లోపల కుతకుతమని చప్పుడు.

ఒక గ్యారేజీలో చూపించాను. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే రేడియేటర్‌కి నీళ్ళు వదిలే కవాటం) తీసేశారు, రేడియేటర్ మూత మార్చారు. తేడా లేదు. ఇప్పుడు హెడ్, అంటే సిలిండర్ల మీద ఉండే ఇంజన్ పై భాగం, దింపాలంటున్నారు. హెడ్ మీద చెయ్యి వేయించే ముందు మిమ్మల్ని అడుగుదామని రాస్తున్నాను.

నాన్నకి 78. గుంటూరులో ఉన్న పెదనాన్నని చూడ్డానికి ఈ బండిలోనే వెళ్ళాలని ఆయన కోరిక. ఇద్దరూ కలిసి ఈ బండిలో చాలా ఊళ్ళు తిరిగారు. మే నెల ముదిరేలోపు తీసుకెళ్ళాలి.

డీజిల్_అంబీ_కర్నూలు · ఏప్రిల్ 11, రాత్రి 10:05

అన్నా, థర్మోస్టాట్ తీసేసింది మంచి పనే. నేను నా బండికి 12 ఏండ్ల కింద తీసేసినా, ఇంతవరకు ఒక్కనాడు బాయిల్ కాలేదు. కర్నూలు ఎండ సంగతి నీకు తెలియంది కాదు. నన్నడిగితే ముందర ఇంకో ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగించు. కోర్ ఎన్ని వరసలది? మూడైతే నాలుగు వరసలది వేయించు.

పాత_డిపో_చెయ్యి · ఏప్రిల్ 12, ఉదయం 6:10

బాబూ, ఏదీ కొనొద్దు. ముందు బండి ఏం చెబుతోందో విందాం. 31 ఏళ్ళు ఆర్టీసీ డిపోలో పని చేశాను. హీటెక్కిన బండి దగ్గర మొదట అడగాల్సింది "ఎప్పుడు" అని. "ఎందుకు" తర్వాత.

నిలబడ్డప్పుడు, మెల్లగా పోతున్నప్పుడు హీటెక్కి, పరుగెత్తితే చల్లబడితే గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు ఫ్యాను, బెల్టు, రేడియేటర్ రెక్కల్లో మట్టి చూడాలి. నీ బండిది దానికి తిరకాసు. నిలబడితే బాగుంది, పరుగెత్తితే కాగుతోంది. 70 మీద పోతుంటే ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యానుతో పనే లేదు. కాబట్టి ఇంకో ఫ్యాను పెట్టినా నీకు ఒరిగేది లేదు. కర్నూలు తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

పరుగు మీద హీటెక్కితే నేను చూసేవి నాలుగు. నీళ్ళు సరిగా తిరగడం లేదా? ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి పోయిందా? పెట్రోలు మిశ్రమం పలచబడిందా? బ్రేకులు పట్టుకుని బండిని లాగుతున్నాయా? నాలుగోది అందరూ మరిచిపోతారు. పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ తొక్కకుండా ఆపి, నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడు. ఒకటి కాలిపోతుంటే ఇంజన్ అనవసరంగా మోత మోస్తున్నట్టు.

టైమింగ్‌కి ముందు వాక్యూమ్ చూడు. డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే డబ్బాకి కార్బురేటర్ నుంచి వచ్చే సన్న గొట్టం ఊడదీసి, నోటితో పీల్చి నాలుకతో మూసిపట్టు. పట్టు నిలిస్తే లోపల రబ్బరు పొర బాగుంది. గాలి వచ్చేస్తుంటే చిరిగింది. ఆ పొర చిరిగితే హైవే మీద నిదానంగా పోయేటప్పుడు రావాల్సిన అడ్వాన్స్ రాదు, మంట ఆలస్యంగా అంటుకుంటుంది, ఆ వేడంతా ఎగ్జాస్ట్ వైపు హెడ్‌లోకి దిగుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. గుడ్డ చుట్టి తీస్తాననీ అనొద్దు. మా డిపోలో ఒక కుర్రాడి మెడ, ఛాతీ కాలిపోవడం నా కళ్ళారా చూశాను. ముప్పావుగంట ఆగు. కాగిన ఇంజన్‌లో చన్నీళ్ళు కూడా గుమ్మరించొద్దు, పోత ఇనుము పగులుతుంది.

పద్మిని_వరంగల్ · ఏప్రిల్ 12, ఉదయం 8:45

నాది 1987 పద్మిని, 1089 సీసీ. కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్న, కాబట్టి లెక్కల వైపు నుంచి రెండు మాటలు.

మీ రేడియేటర్ మూత మీద ఎంత ఒత్తిడి అని రాసి ఉందో చూడండి. మూత లేకుంటే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతయి. 7 పీఎస్ఐ మూత సరిగ్గ పట్టి ఉంటే 111 దాక మరగవు. స్ప్రింగు మెత్తబడ్డ మూత పెడితే ఆ 11 డిగ్రీలు పోయినట్టే. కొత్త మూత అన్నరు కాబట్టి అది సరైన సైజుదేనా, లోపలి రబ్బరు మెడ అడుగున ఆనుతున్నదా చూడండి. మూతలు పైకి ఒక్కతీరే కనబడ్తయి, లోపలి లోతులో తేడా ఉంటది.

ఇక మీటరు చూపించేది ఇంజన్ వేడి కాదు, సెన్సర్ ఉన్న చోట నీటి వేడి. ముల్లు మూడొంతుల దగ్గర ఉండంగనే నీళ్ళు తన్నేస్తున్నయంటే రెండే దారులు. మీటరు తప్పన్న చెప్తుండాలె, లేదంటే సెన్సర్‌కి దూరంగ ఎక్కడో ఒక మూల నీళ్ళు మరిగి ఆవిరై మిగతా నీళ్ళను బయటికి నెడుతుండాలె. ఎలక్ట్రిక్ మీటరయితే సెన్సర్ వైరు ఊడదీస్తే ముల్లు చల్లటి వైపు పడిపోవాలె, ఆ వైరును బాడీకి ఒక్క క్షణం తాకిస్తే వేడి వైపు పోవాలె. అట్ల పోతే వైరింగు, మీటరు కదులుతున్నయని తెలుస్తది. అంకె నిజమా కాదా అన్నది వేరు. దానికి వెయ్యి రూపాయల లోపు దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ తీసుకోండి. మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తది. కొలిచే ప్రతిచోటా నల్ల టేపు ముక్క అంటించి దాని మీదనే కొలవండి. పోయిన వేసవిల ఈ సంగతి తెలియక నేను వారం రోజులు తప్పు అంకెలు రాసుకున్న.

ఆటోనగర్_రేడియేటర్ · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:30

అన్నా, బెజవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ పనే నాది. కోర్ కొత్తదన్నారు కాబట్టి ఇంట్లోనే తేల్చేసుకోవచ్చు. బండి కాస్త వేడెక్కాక ఇంజన్ ఆపి, గన్‌తో కోర్ మీద పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి కొలుస్తూ పోండి. పైనుంచి కిందికి మెల్లగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఒక పట్టీ ఉన్నట్టుండి చల్లగా ఉంటే అక్కడ ట్యూబులు మూసుకున్నట్టే.

రెండోది, రెండు హోసులూ విప్పి, కింది మూతి అరచేత్తో మూసి, రేడియేటర్ నింపి, చెయ్యి ఒక్కసారిగా తియ్యండి. నీళ్ళు దబ్బున దూకాలి. ధారలా జారుతుంటే లోపల అడ్డం ఉంది. కొత్త కోర్ అయినా సరే చూడండి. టాంకు అతికేటప్పుడు సీసం కారి ట్యూబుల మూతులు పూడుకుపోయిన రేడియేటర్లు నా దగ్గరికి వస్తుంటాయి.

ఇంకోటి. పై హోసు మార్చానన్నారు. కింది హోసు?

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 13, రాత్రి 8:50

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజంతా బండితోనే ఉన్నాను.

డ్రమ్ములు నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. వాక్యూమ్ పీల్చి చూశాను, పట్టు నిలిచింది. టైమింగ్ లైట్ తెప్పించి చూపిస్తే మాన్యువల్ ప్రకారమే ఉంది, రేజ్ చేస్తే అడ్వాన్స్ అవుతోంది. రేడియేటర్‌లో నీళ్ళు దబ్బున దూకాయి, నా కాళ్ళు తడిసిపోయాయి. మూత 7 పీఎస్ఐది, రబ్బరు ఆనుతోంది. సెన్సర్ వైరు పరీక్షలో ముల్లు వరంగల్ మేడమ్ గారు చెప్పినట్టే కదిలింది.

కింది హోసు పాతదే. ఎన్నేళ్ళదో నాన్నకీ గుర్తులేదు.

పాత_డిపో_చెయ్యి · ఏప్రిల్ 13, రాత్రి 9:15

బానెట్ ఎత్తి ఉంచి, ఇంజన్ బాగా వేడయ్యాక ఇంకొకరిని కూర్చోబెట్టి రేజ్ పెంచమను. నువ్వు కింది హోసునే చూస్తుండు. పంపు నీళ్ళు లాక్కునేది ఆ హోసులోంచే. రబ్బరు మెత్తబడితే, లోపల ఉండాల్సిన స్ప్రింగు తుప్పుపట్టి రాలిపోతే, రేజ్ మీద ఆ పీల్పుకి హోసు చప్పిడిగా అతుక్కుపోతుంది. నిలబడ్డప్పుడు మామూలుగా ఉంటుంది. అందుకే చాలామందికి కనబడదు.

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 14, ఉదయం 11:40

గురువుగారూ, దొరికింది! మా అబ్బాయి రేజ్ పెంచుతుంటే హోసు మధ్యలో ఎవరో పిడికిలితో నొక్కినట్టు లోపలికి పోయింది. యాక్సిలరేటర్ వదలగానే మళ్ళీ ఉబ్బింది. విప్పి చూస్తే లోపల స్ప్రింగు లేదు, నాలుగు తుప్పు ముక్కలున్నాయి. స్ప్రింగుతో సహా కొత్తది వేస్తున్నాను.

ఆటోనగర్_రేడియేటర్ · ఏప్రిల్ 14, మధ్యాహ్నం 12:10

ఆ తుప్పు ముక్కలు మిగతావి ఎక్కడికి పోయాయో చూడండి అన్నా. పంపులోకి, ఇంజన్‌లోకే పోయుంటాయి.

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 17, రాత్రి 9:30

కొత్త హోసు వేసి ఇవాళ మళ్ళీ హైవే ఎక్కాను. మేదరమెట్ల హాయిగా దాటింది. 75 మీద పోనిచ్చాను. ఇక అయిపోయిందనే అనుకున్నాను. మార్టూరు దగ్గర మళ్ళీ అదే కథ. ముల్లు సగానికి కాస్త పైన, ఓవర్‌ఫ్లో నుంచి నీళ్ళు, లోపల అదే కుతకుత. ముందటికంటే నయమే కానీ రోగం పోలేదు. పక్క సీట్లో నాన్న ఉన్నారు. ఏమీ అనలేదు. మార్టూరులో ఒక చెట్టు కింద గంటసేపు కూర్చుని, 45 మీద మెల్లగా ఇంటికి వచ్చాం.

డీజిల్_అంబీ_కర్నూలు · ఏప్రిల్ 17, రాత్రి 10:00

నాకైతే హెడ్ గ్యాస్కెటే (హెడ్‌కీ, కింద సిలిండర్లుండే బ్లాక్‌కీ నడుమ ఉండే సీలు) అనిపిస్తా ఉంది అన్నా. చిన్న చీలిక ఉంటే మామూలుగా తెలియదు, లోడ్ మీదే గ్యాసు నీళ్ళలోకి కొడుతుంది. గ్యారేజీ వాళ్ళు చెప్పింది నిజమేమో.

పద్మిని_వరంగల్ · ఏప్రిల్ 17, రాత్రి 10:40

అయ్యుండొచ్చు. అయితే హెడ్ దించకుండనే తేల్చుకోవచ్చు. పొద్దున ఇంజన్ పూర్తిగ చల్లగ ఉన్నప్పుడు మూత తీసి, మెడ దాక నీళ్ళు పోసి స్టార్ట్ చేయండి. థర్మోస్టాట్ ఎట్లాగూ లేదు కాబట్టి నీళ్ళు తిరుగుతుంటయి, మొదట్ల నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే అది చిక్కుకున్న గాలి. ఆగకుండ వస్తనే ఉంటే గ్యాస్కెట్‌ను అనుమానించాలె. మూత పెట్టినంక నిమిషం, రెండు నిమిషాల్లనే పై హోసు గట్టిగ బిగుసుకుంటే అది కూడ గుర్తే, ఎందుకంటే అంత తొందరగ నీళ్ళు వేడెక్కి ఒత్తిడి పుట్టదు. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ ఉందా చూడండి. కంప్రెషన్ గేజ్ దొరికితే నాలుగు సిలిండర్లూ కొలవండి. పక్కపక్క రెండు ఒక్కసారే పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టు.

ఇంకో మాట. థర్మోస్టాట్ తిరిగి పెట్టి కొలతలు తీసుకోండి. అది లేకుండ వచ్చే అంకెలకు ఒక నిలకడ ఉండదు.

డీజిల్_అంబీ_కర్నూలు · ఏప్రిల్ 17, రాత్రి 11:05

మేడమ్, అది లేకుంటే నీళ్ళు మరీ తొందరగా తిరిగి రేడియేటర్‌లో చల్లారడానికి టైము దొరకదంటారు కొందరు. నా బండికి అట్లా ఏం కాలేదే?

పద్మిని_వరంగల్ · ఏప్రిల్ 18, ఉదయం 7:20

ఆ మాట తప్పు, మీ అనుభవమే కరెక్ట్. అవే నీళ్ళు మళ్ళ మళ్ళ తిరిగొస్తయి కద. తొందరగ తిరిగితే రేడియేటర్ పైనుంచి కింది దాక వేడిగ ఉండి గాలికి ఇంకా ఎక్కువ వేడిని ఇస్తది. థర్మోస్టాట్ కావాలనేది వేరే కారణాలకు. అది లేకుంటే చిన్న చిన్న ప్రయాణాల్ల ఇంజన్ వేడెక్కదు, ఆయిల్ల చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు, సిలిండర్లు తొందరగ అరుగుతయి. పైగ థర్మోస్టాట్ ఉన్న చోట దారి కొంచెం ఇరుకుగ ఉండి, పంపు తోసే ఒత్తిడి బ్లాక్ లోపల నిలబడ్తది. ఆ ఒత్తిడి వల్ల వేడి మూలల్ల బుడగలు తొందరగ పుట్టవు.

పెట్టే ముందు గిన్నెల నీళ్ళు పోసి, దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి వేడి చేయండి. దాని మీద 82 అని అచ్చువేసి ఉంటే దాని దగ్గర్ల తెరుచుకోవడం మొదలు పెట్టాలె.

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 20, రాత్రి 9:05

మూడు రోజుల పని ఒకేసారి రాస్తున్నాను.

బుడగలు లేవు. ఆయిల్ శుభ్రంగా ఉంది. కంప్రెషన్ నాలుగూ 120, 125 మధ్య. కాబట్టి గ్యాస్కెట్ కాదనే అనుకుంటున్నాను. కొత్త థర్మోస్టాట్ వంటింట్లో పరీక్షించి బిగించాను, మా ఆవిడే స్టవ్ దగ్గర నిలబడి థర్మామీటర్ చదివింది.

నన్ను ఆలోచనలో పడేసినవి రెండు. హెడ్ మీద ముందు థర్మోస్టాట్ దగ్గర ఒకటి, వెనక నాలుగో సిలిండర్ దగ్గర ఒకటి నల్ల టేపు ముక్కలు అంటించాను. ఇంటి దగ్గర పావుగంట ఐడిల్ మీద ముందు 82, వెనక 94. హైవే మీద ఇరవై కిలోమీటర్లు 75 మీద పోయి ఆపి వెంటనే కొలిస్తే ముందు 91, వెనక 112. మూడుసార్లు కొలిచాను, అటూ ఇటూగా అంతే.

రెండోది, స్పార్కు ప్లగ్గులు తీసి వరుసగా పెట్టాను. 1, 2, 3 ఇటుక రంగులో ఉన్నాయి. 4 మాత్రం పాలిపోయి తెల్లగా ఉంది.

పద్మిని_వరంగల్ · ఏప్రిల్ 20, రాత్రి 9:40

112! మీ మూత ఆపగలిగేది 111. హెడ్ బయటి గోడనే 112 ఉంటే లోపల మంట వైపు ఇంకా ఎక్కువ ఉంటది. నీళ్ళు మరిగేది అక్కడనే. మీటరు సెన్సర్ ముందర 91లో హాయిగ ఉంది, వెనక మూల ఆవిరి పుట్టి నీళ్ళను తోసేస్తున్నది. మీ మీటరు అబద్ధం చెప్పలేదు. అది ఉన్న చోట సంగతి అది చెప్పింది.

పాత_డిపో_చెయ్యి · ఏప్రిల్ 21, ఉదయం 5:50

నాలుగో సిలిండర్‌కి నీళ్ళు అందడం లేదు బాబూ. మిశ్రమం పలచనైతే ఎస్‌యూ కార్బురేటర్ ఒక్కటే కాబట్టి నాలుగు ప్లగ్గులూ కాస్తయినా తెల్లబడాలి. నాలుగోది ఒక్కటే తెల్లబడిందంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి మిశ్రమం తెచ్చే గొట్టం) ఆ చివర గాలి పీలుస్తోందేమో ఒక్కసారి చూడు. ఇంజన్ నడుస్తుండగా ఆ అతుకు మీద రెండు చుక్కల ఆయిల్ వేస్తే లోపలికి లాక్కుంటుంది. అది లేకపోతే నా అనుమానమంతా నీళ్ళ దారి మీదే.

ఎంజీబీ_బర్మింగ్‌హామ్ · ఏప్రిల్ 21, మధ్యాహ్నం 3:25

నమస్కారమండీ. మాది తెనాలి, ఇరవై ఏళ్ళుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. నా దగ్గర 1972 ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. ఇక్కడ రాయొచ్చో లేదోనని రెండు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను. మీ అంకెలు చూశాక ఆగలేకపోయాను.

మీ అంబాసిడర్ ఇంజన్, నా బండి ఇంజన్ ఒకే తల్లి బిడ్డలు. రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్. నాది 1798 సీసీ. 1955లో వచ్చిన ఎంజీఏలో వేసింది మీ 1489 సీసీదే. ఈ ఇంజన్‌లో పంపు ముందు వైపే, థర్మోస్టాట్ కూడా ముందు వైపే. నీళ్ళు ముందు నుంచి బ్లాక్‌లోకి పోయి, వెనక్కి పాకి, పైకెక్కి, హెడ్‌లోంచి మళ్ళీ ముందుకే వస్తాయి. వెనక గోడ దగ్గర దారి ముగిసిపోతుంది, అక్కడ నీటి పరుగు మెత్తబడుతుంది. ఇంజన్ కూడా బండిలో కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఇన్నేళ్ళ తుప్పు, సున్నం, ఒక్కోసారి ఫ్యాక్టరీలో మిగిలిపోయిన పోత ఇసుక కూడా నాలుగో సిలిండర్ చుట్టూ అడుగున పేరుకుంటాయి.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న వైపు, బ్లాక్ వెనక భాగంలో కింద ఒక చిన్న డ్రెయిన్ కుళాయి గానీ ప్లగ్ గానీ ఉంటుంది. రేడియేటర్ నిండుగా ఉండగా, ఇంజన్ చల్లగా ఉండగా అది తెరవండి. ఏం వస్తుందో చెప్పండి. నా బండి కొన్న ఏడాది నాకు ఇదే అయింది. నేనూ రేడియేటర్, పంపు, మూత అన్నీ మార్చాకే అక్కడికి వెళ్ళాను.

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 21, రాత్రి 8:15

ఆయిల్ చుక్కలు వేశాను, లాక్కోలేదు.

అన్నగారూ, మీరు చెప్పిన కుళాయి ఉంది. దాని మీద ఎంత జిడ్డు పట్టి ఉందంటే కిరోసిన్‌తో కడిగితే గానీ కనబడలేదు. పూర్తిగా తెరిచాను. రేడియేటర్ మెడ దాకా నీళ్ళున్నాయి. ఒక్క చుక్క రాలేదు.

కుళాయినే విప్పేశాను. అయినా రాలేదు. సైకిల్ చువ్వ లోపలికి పెడితే అంగుళం దూరంలో గట్టిగా తగిలింది. పొడుస్తూ పోతే మెత్తబడి, ముందు ఎర్రటి బురద పేస్టులా వచ్చింది, తర్వాత నీళ్ళు కొంచెం కొంచెంగా. నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నారు.

పాత_డిపో_చెయ్యి · ఏప్రిల్ 21, రాత్రి 8:40

అమ్మయ్య. బండిలో ఏ నీళ్ళు పోసేవారు?

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 21, రాత్రి 8:55

నాన్నని అడిగాను. మొదట్నుంచీ ఇంటి బోరు నీళ్ళే. కూలెంట్ అన్నది ఎన్నడూ పోయలేదట. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకి నెల తిరగకుండా తెల్లటి పెంకు కడుతుంది.

పద్మిని_వరంగల్ · ఏప్రిల్ 21, రాత్రి 9:30

మా వైపు నీళ్ళూ అంతే. గిన్నెకు కట్టే ఆ పెంకే బ్లాక్ లోపల కూడ కడ్తది. పోత ఇనుముతో పోలిస్తే ఆ సున్నపు పొర కనీసం ఇరవై రెట్లు తక్కువగ వేడిని పంపుతది. మిల్లీమీటరు మందం ఉన్న పెంకు అంటే సిలిండర్ గోడకు రెండు సెంటీమీటర్ల ఇనుము అదనంగ అంటించినట్టు. దాని మీద బురద. నాలుగో సిలిండర్ ఇన్ని రోజులు తట్టుకోవడమే గొప్ప.

ఆటోనగర్_రేడియేటర్ · ఏప్రిల్ 21, రాత్రి 10:10

అన్నా, ఇప్పుడు ఆత్రపడి యాసిడ్ పోసి ఇంజన్ నడిపారనుకోండి, లోపల ఊడిన బురదంతా కొత్త కోర్‌లోకి పోయి కూర్చుంటుంది. నా దగ్గరికి అలా వచ్చిన బళ్ళే ఎక్కువ. రేడియేటర్ పక్కకి తీసేయండి. థర్మోస్టాట్ తీయండి. హెడ్ మీది మూతిలోంచి తోట పైపుతో నీళ్ళు వెనక్కి కొట్టండి, అంటే మామూలుగా తిరిగే దిక్కుకి ఎదురు. కుళాయి కన్నం తెరిచే ఉంచి, చువ్వతో కెలుకుతూనే ఉండాలి. వీలైతే చివరి వెల్ష్ ప్లగ్ (బ్లాక్ పక్క కన్నానికి కొట్టిన రేకు బిళ్ళ) తీయండి. ఆ కన్నంలో వేలు పడుతుంది, అక్కణ్ణుంచి గీకితే కుళాయి కన్నం నుంచి రానిది వస్తుంది. ప్లగ్ కొత్తది కొట్టొచ్చు, పెద్ద ఖర్చు కాదు.

మందు చివర్లో. నిమ్మ ఉప్పు లీటరుకి 40 గ్రాములు కలిపి, గోరువెచ్చగా అరగంట నడిపి, తీసేయాలి. రాత్రంతా ఉంచొద్దు, అల్యూమినియం భాగాలని తింటుంది. తర్వాత వంట సోడా నీళ్ళు ఒకసారి, మామూలు నీళ్ళు మూడుసార్లు. ఆ అరగంటకి రేడియేటర్ పెట్టక తప్పదు కాబట్టి పై హోసు రేడియేటర్‌కి తగిలే చోట పలుచటి నైలాన్ గుడ్డ సంచిలా కట్టండి. బురద అందులో ఆగుతుంది. అది నిండితే నీళ్ళ దారి మూసుకుంటుంది, మధ్యలో ఒకసారి ఆపి చూడండి.

ఒంగోలు_మార్క్4 · ఏప్రిల్ 27, రాత్రి 9:45

వారం రోజులు రాయలేదు, క్షమించండి. రాయడానికి చేతులు శుభ్రంగా లేవు.

ముందు రెండు రోజులు ఒట్టి నీళ్ళతోనే. వెల్ష్ ప్లగ్ తీసిన క్షణం నేను మరిచిపోలేను. కన్నం తెరిస్తే లోపల నీళ్ళ ఖాళీ కనబడాలి కదా, ఎర్రమట్టి గోడ కనబడింది. వేలు పెడితే పోలేదు. చెంచా కాడతో, వంచిన తీగతో గీకాను. పేస్టు లాంటి బురద, గోరంత పెంకులు, పాత హోసు స్ప్రింగు ముక్కలు, అడుగున నల్లటి ఇసుక. ఇసుక చూసి నాన్న "ఇది మన ఇంటిది కాదురా, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది" అన్నారు. అంతా కలిపి ఒక స్టీలు గ్లాసు నిండి ఇంకా మిగిలింది. పైపు నీళ్ళు మొదట ఇటుక రంగులో, రెండో రోజు సాయంత్రానికి లేత టీ రంగులోకి వచ్చాయి.

నిమ్మ ఉప్పు రెండు విడతలు చేశాను. మొదటి విడతకి పది నిమిషాలకే నైలాన్ గుడ్డ సగం నిండింది. ఆటోనగర్ తమ్ముడు ఆ మాట చెప్పకపోతే కొత్త కోర్ పూడిపోయేది. రెండో విడతలో గుడ్డ దాదాపు శుభ్రంగానే ఉంది. సోడా, ఆ తర్వాత నీళ్ళు, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగాను.

ఒక కొలత చెప్పాలి. శుభ్రం చేయకముందు మొత్తం ఖాళీ చేసి నింపినప్పుడు ఎన్ని నీళ్ళు పట్టాయో రాసుకున్నాను. ఇప్పుడు దానికంటే ముప్పావు లీటరు ఎక్కువ పట్టింది. ఈ లెక్క మొదటే మాన్యువల్‌తో పోల్చి చూసుకుంటే నాకు నెల కలిసొచ్చేది. పాత బండి తీసే ఎవరైనా మొదటిరోజే ఈ కొలత తీసుకోండి, డబ్బు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాను. ఏసీ నుంచి కారే నీళ్ళు పోయొచ్చా అని మా అబ్బాయి అడుగుతున్నాడు.

పాత_డిపో_చెయ్యి · ఏప్రిల్ 28, ఉదయం 6:00

కడగడానికి వాడుకో. నింపడానికి బ్యాటరీ నీళ్ళే, అంటే డిస్టిల్డ్ వాటరే, పొయ్యి. ఏసీ నీళ్ళలో సున్నం ఉండదు నిజమే కానీ రాగి గొట్టాల మీది దుమ్ము, మడ్డి కలుస్తాయి. మన ఊళ్ళలో గడ్డకట్టే చలి ఉండదు కదా, కూలెంట్ ఎందుకు అనేవాళ్ళున్నారు. తుప్పు పట్టనివ్వకుండా అందులో కలిపే మందు కోసం పొయ్యాలి. ఆ మందు బలం కాలంతో తగ్గుతుంది, డబ్బా మీద రాసిన గడువుకి మార్చెయ్యి.

గాలి తీయడం మరిచిపోకు. బండి మూతి ఎత్తుగా ఉండేలా వాలులో నిలబెట్టి, మూత తీసి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని నీళ్ళు కిందికి జారే దాకా నింపుతూ ఉండు.

డీజిల్_అంబీ_కర్నూలు · ఏప్రిల్ 28, ఉదయం 9:15

అన్నా, ఇదంతా చదివినాక నిన్న నా బండి కుళాయి తెరిచి చూసినా. నాది డీజిల్, అయినా ఎర్ర నీళ్ళే వచ్చినాయి. మడ్డి మాత్రం లేదు. థర్మోస్టాట్ ఒకటి ఆర్డరు పెట్టినా. మేడమ్‌కి చెప్పండి.

ఒంగోలు_మార్క్4 · మే 4, రాత్రి 10:20

ఇవాళ గుంటూరు వెళ్ళొచ్చాం.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం, వచ్చేటప్పుడు మాత్రం కావాలనే మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాను, ఎండలోనే తేలాలని. బయట 41 డిగ్రీలు. చిలకలూరిపేట దాటాక పావుగంట 80 మీద పోనిచ్చి, ఆపి, గన్ తీశాను. ముందు 86, వెనక 92. ముల్లు సగం దగ్గర. ఓవర్‌ఫ్లో గొట్టం కింద కట్టిన సీసాలో చుక్క లేదు. మార్టూరులో ఆ చెట్టు దగ్గర ఆపమన్నారు నాన్న. దిగి, బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు.

పెదనాన్న వీధి చివరి దాకా ఎదురొచ్చారు. ఇద్దరూ వెనక సీట్లో కూర్చుని ఊరంతా ఒక చుట్టు తిప్పమన్నారు. తిప్పాను. బ్రాడీపేట సందుల్లో గంటసేపు.

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. అన్నగారూ, మీరు తెనాలి వచ్చినప్పుడు ఈ బండిలోనే మిమ్మల్ని ఊరంతా తిప్పుతాను.

ఎంజీబీ_బర్మింగ్‌హామ్ · మే 5, మధ్యాహ్నం 1:10

డిసెంబరులో వస్తున్నానండీ. తప్పకుండా.

పాత_డిపో_చెయ్యి · మే 5, సాయంత్రం 6:30

చాలా సంతోషం బాబూ. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఆ కుళాయి మళ్ళీ ఒకసారి తెరిచి చూడు. గోడలకి మిగిలిన పెంకు ఇంకా రాలుతుంది.

ఒంగోలు_మార్క్4 · జూన్ 19, ఉదయం 8:05

గురువుగారూ, 1,040 కిలోమీటర్లు తిరిగింది. ఇవాళ పొద్దున కుళాయి తెరిచాను. చువ్వ పెట్టే పని లేకుండానే ధారగా వచ్చింది. గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచాను, అడుగున చిటికెడు ఎర్రపొడి, పైన ఆకుపచ్చటి నీళ్ళు. ఆ చిటికెడు పారేసి, తీసినంత మేర కొత్త కూలెంట్‌తో నింపి కుళాయి బిగించాను.